టన్నులు పెరిగాయి, మస్టర్లు తగ్గాయి

దసరా దగ్గర పడుతోందంటే మా కోల్‌బెల్ట్‌లో ఒకటే ముచ్చట. లాభాల వాటా ఎంత శాతం ప్రకటిస్తారు, ఎవరికి ఎంత పడుతుంది అని. 2025లో 34 శాతం అన్నారు. 2024-25లో సింగరేణికి వచ్చిన నికర లాభం 6,394 కోట్లు, అందులో పెట్టుబడులకు పక్కన పెట్టింది పోను మిగిలిన 2,360 కోట్ల మీద 34 శాతం లెక్క కట్టారు, కాంట్రాక్టు కార్మికులకు ఇచ్చేది కూడా కలుపుకుంటే మొత్తం 819 కోట్లు. సుమారు 41 వేల మంది పర్మినెంట్ కార్మికులకు సగటున లక్షా తొంభై అయిదు వేలకు పైనే పడింది. టీవీలో ఆ వార్త చూసి హైదరాబాద్‌లో తెలిసినవాళ్లు "మీ సింగరేణోళ్లకేందన్నా, మీరే నయం" అంటుంటారు.

అదే ప్రకటన కింద ఇంకో వాక్యం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా చదవరు. కాంట్రాక్టు కార్మికులకు తలా 5,500 రూపాయలు. వాళ్లు దాదాపు 30 వేల మంది. వాళ్లకు వాటా ఇవ్వడం మొదలైందే అంతకు ముందు ఏడాది, అప్పుడు 5,000 ఇచ్చారు. పర్మినెంట్ కార్మికుడికి వచ్చే వాటా చూసి నాకు కడుపుమంట లేదు, అది వాళ్లు చెమటతో సంపాదించుకున్నది, ఇంకా ఎక్కువ రావాలనే అంటాను. కానీ ఈ రెండు అంకెల మధ్య ఉన్న దూరంలోనే సింగరేణి ఎటు పోతోందో ఉంది. ఆ సంగతి చెప్పాలనే ఇదంతా రాస్తున్నాను.

మాది గోదావరిఖని. మా బాపు ఎనభైల్లో బదిలీ ఫిల్లర్‌గా, అంటే పర్మినెంట్ కాకుండా బొగ్గు నింపే పనివాడిగా బాయిలో చేరాడు, చివరికి పైకప్పుకు సపోర్ట్ పెట్టే పని చేస్తూ రిటైరయ్యాడు. బయటివాళ్లకు గని, మైన్, అండర్‌గ్రౌండ్. మాకు మాత్రం బాయే. "బాయి మీదికి పోయిండు", "బాయి దిగిండు", "బాయిల బండ పడ్డది". పేపర్లో ఏ పేరుతో రాసినా మా ఇళ్లలో మాట అదే.

చరిత్ర అందరికీ తెలిసిందే కాబట్టి దాని దగ్గర ఎక్కువసేపు ఆగను. 1871లో ఇల్లందు దగ్గర విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త బొగ్గు ఉందని తేల్చాడు, 1889లో తవ్వకం మొదలైంది, 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇప్పుడు 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. కొత్తగూడెం హెడ్డాఫీసు. ఆసిఫాబాద్ నుంచి సత్తుపల్లి దాకా గోదావరి లోయ వెంబడి ఆరు జిల్లాల్లో గనులున్నాయి. తెలంగాణలోనే కాకుండా ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్ర, తమిళనాడు కరెంటు ప్లాంట్లకు కూడా ఈ బొగ్గు పోతుంది.

ఇక అసలు లెక్క. తొంభైల మొదట్లో సింగరేణిలో లక్షా పదహారు వేల మంది దాకా పనిచేసేవాళ్లు. అప్పుడు ఏడాదికి తీసిన బొగ్గు రెండు కోట్ల టన్నుల దగ్గర ఉండేది. 2023-24లో ఏడు కోట్ల టన్నులు దాటింది. 2024-25లో 7 కోట్ల 20 లక్షలు లక్ష్యం పెట్టుకుంటే 6 కోట్ల 90 లక్షల దగ్గర ఆగింది. పర్మినెంట్ మస్టర్లు, అంటే హాజరు పట్టీలో ఉన్న పేర్లు, మాత్రం 40 వేల చిల్లర. బొగ్గు మూడు రెట్లు దాటి పెరిగితే మనుషులు మూడో వంతుకు పడిపోయారు.

ఇదంతా ఒక్క రోజులో జరగలేదు. తొంభైల్లో కంపెనీ నష్టాల్లో మునిగి బీఐఎఫ్ఆర్ దాకా, అంటే ఖాయిలా పడ్డ కంపెనీల సంగతి తేల్చే బోర్డు దాకా పోయింది, మూసేస్తారని ఊరంతా టెన్షన్ పడ్డ రోజులవి. ఆ తర్వాత గోల్డెన్ షేక్‌హ్యాండ్ పేరు చెప్పి వేలమందిని ఇంటికి పంపారు. రిటైరైనవాళ్ల స్థానంలో కొత్తవాళ్లను తీసుకోవడం తగ్గింది. తట్టా చెమ్మస్, అంటే తట్టా పారా పట్టి బొగ్గు ఎత్తే పని, పోయి బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి. తట్టా చెమ్మస్ పోయిందని నేనేం బాధపడను, నెత్తిమీద బొగ్గు తట్టతో నడుములు విరగ్గొట్టుకున్న మనుషుల్ని చూసి పెరిగినవాణ్ణి, ఆ పని ఎవరి పిల్లలకూ వద్దు. యంత్రం రావడం మంచిదే. అయితే యంత్రంతో పాటు బాయి కూడా బాగుపడాల్సింది, ఇక్కడ యంత్రాలు వచ్చిన కొద్దీ బాయిలే మూతపడుతూ వచ్చాయి.

ఇప్పుడు సింగరేణి బొగ్గులో చాలా పెద్ద వాటా ఓపెన్‌కాస్ట్‌లదే, అంటే పైనుంచి నేలను తవ్వుకుంటూ పోయే గనులదే. భూగర్భ గనులు ఏడాదికేడాది తగ్గుతున్నాయి, మిగిలినవి నష్టాల్లో నడుస్తున్నాయని యాజమాన్యమే చెబుతోంది, ఒక టన్ను తీయడానికి అయ్యే ఖర్చు దాన్ని అమ్మే ధర కంటే బాగా ఎక్కువ. లెక్క తప్పని నేననను. కానీ ఆ లెక్క అలా ఎందుకు తయారైందో కూడా చూడాలి. పాత గనుల్లో పని జరిగే చోటు దూరమైపోయింది, షిఫ్ట్‌లో సగం టైం నడకకే పోతుంది. యంత్రం చెడిపోతే స్పేర్ రావడానికి ఎన్ని షిఫ్టులు పడుతుందో బాయి మీద ఎవరినడిగినా చెబుతారు. కొత్త టెక్నాలజీ అని బొగ్గును కోసి తీసే పెద్ద యంత్రాలు, లాంగ్‌వాల్, కంటిన్యూయస్ మైనర్ తెచ్చారు, అడ్రియాల లాంగ్‌వాల్ అయితే దేశానికే గొప్ప అన్నారు. ఒకటి రెండు చోట్ల అంత పెట్టుబడి పెట్టి మిగిలిన బాయిలన్నీ పాత పద్ధతిలోనే వదిలేస్తే సగటు ఖర్చు ఎలా తగ్గుతుంది?

బాయి లోపల పని ఎలా ఉంటుందో తెలియనివాళ్ల కోసం ఒక్క సంగతి చెబుతాను. షిఫ్ట్ మొదలవగానే ల్యాంపు రూములో క్యాప్ ల్యాంపు తీసుకుని, విషవాయువు వస్తే ఊపిరి కాపాడే సెల్ఫ్ రెస్క్యూయర్ నడుముకు కట్టుకుని దిగుతారు. పని చోటుకి చేరాక ముందు చేసేది బొగ్గు తీయడం కాదు, పైకప్పు చూడడం. పని చోటు రక్షణ చూసే సర్దార్ చేతిలో కర్రతో పైనున్న బండను కొడతాడు. కంగుమని మోగితే బండ గట్టిగా ఉన్నట్టు. డబ్‌మని బోలుగా వినిపిస్తే లోపల పొర విడిపోయిందని అర్థం, ఇక అక్కడ ఎవరూ నిలబడకూడదు, కంచె కట్టాలి, బోల్టు వెయ్యాలి లేదా ఆ వదులు బండను జాగ్రత్తగా కింద పడగొట్టాలి. బాపు రిటైరై ఇన్నేళ్లయినా ఎవరింటికి పోయినా స్లాబు వైపు ఓసారి చూసి కూర్చుంటాడు. "చెవి మంచిగుంటేనే బాయిల బతుకు బిడ్డా, కండ్లు తర్వాత" అంటాడు. ఇలాంటి పని నేర్చుకోవడానికి పాతవాళ్ల పక్కన ఏళ్లకేళ్లు నిలబడాలి, ఏ ట్రైనింగ్ సెంటర్లోనూ పదిహేను రోజుల్లో వచ్చేది కాదు. బాయిలు మూతపడితే, పాతవాళ్లు రిటైరైతే, ఈ చెవి కూడా వాళ్లతోనే పోతుంది.

అంత జాగ్రత్తగా ఉన్నా చావులు ఆగలేదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది పోయారు. సరిగ్గా నాలుగు నెలలకు, అక్టోబర్ 16న, 8ఏ ఇంక్లైన్‌లో పైకప్పు కూలి పదిమంది. మా ఊళ్లో ఆ ఏడాదిని ఎవరూ మర్చిపోలేదు. 2022 మార్చిలో అడ్రియాలలో పైకప్పు కూలితే ముగ్గురు చనిపోయారు, వాళ్లలో అధికారులు కూడా ఉన్నారు. అంటే అంత ఖరీదైన గనిలో కూడా బండకి పెద్దా చిన్నా తేడా లేదు. కాబట్టి భూగర్భ గనులు కావాలని నేను అంటున్నానంటే ప్రమాదాల గురించి తెలియక కాదు. రక్షణ మీద, యంత్రాల మీద ఖర్చు పెట్టి నడిపే బాయిలు కావాలంటున్నాను.

ఓపెన్‌కాస్ట్ సంగతికొస్తే అక్కడ చావులు తక్కువే కావొచ్చు, కానీ ఊళ్లు చస్తున్నాయి. ఇది ఆవేశంలో అంటున్న మాట కాదు. మా దగ్గర ఓపెన్‌కాస్ట్‌లో ఒక టన్ను బొగ్గు బయటికి రావాలంటే దానిమీదున్న మట్టీ రాయీ సగటున ఆరు క్యూబిక్ మీటర్ల దాకా ఎత్తి పక్కన పోయాలి. ఏడు కోట్ల టన్నులకు ఎంత మట్టి అవుతుందో మీరే లెక్క వేసుకోండి. ఆ మట్టినే ఓబీ అంటారు. రామగుండం, మందమర్రి, శ్రీరాంపూర్, మణుగూరు, ఇల్లందు, భూపాలపల్లి, ఎక్కడికి పోయినా రోడ్డు పక్కన గుట్టలు కనిపిస్తాయి, కొత్తవాళ్లు నిజం గుట్టలే అనుకుంటారు. దగ్గరికి పోతే తెలుస్తుంది, బూడిద రంగు మట్టి, మధ్యలో పొరలు పొరలుగా విరిగిన షేల్ రాయి, వానకు కోసుకుపోయిన గండ్లు, ఆ గండ్లలోంచి కిందికి దిగి పొలంలో మేట వేసిన మట్టి. మొక్కలు నాటిన గుట్టలు కూడా ఉన్నాయి, కొన్నిచోట్ల బాగానే పెరిగాయి, ఆ పని చేసినవాళ్లను మెచ్చుకోవాల్సిందే. కానీ నాటిన మొక్క పచ్చగా కనబడుతోందా అన్నది ఒక ప్రశ్న, ఆ భూమిలో మళ్లీ వరి పండుతుందా అన్నది ఇంకో ప్రశ్న. రెండోదానికి జవాబు మా ఊళ్లలో అందరికీ తెలుసు.

బ్లాస్టింగ్ టైంలో గని పక్క ఊరికి పోయి ఒక్కసారి కూర్చోండి. ముందు సైరన్ మోగుతుంది. పశువులు కాసేవాళ్లు వెనక్కి వస్తారు. తర్వాత కింద నేల కదిలినట్టు ఒక ఊపు, షెల్ఫులో స్టీలు గిన్నెలు గలగలమంటాయి, కాసేపటికి దుమ్ము. ఇళ్ల గోడల్లో పగుళ్లు చూపిస్తారు, బోరు ఎండిపోయిందని చూపిస్తారు. గని ఎంత లోతుకి పోతే చుట్టుపక్కల నీళ్లన్నీ అటే దిగుతాయి, గనిలోంచి మోటార్లతో తోడి పోస్తూనే ఉంటారు, ఊళ్లో మాత్రం ట్యాంకర్ కోసం బిందెలు వరస పెడతారు.

నష్టపరిహారం వస్తుంది కదా అంటారు. పట్టా ఉన్నవాడికి వస్తుంది, ఎంతోకొంత. కౌలు రైతుకు? ఆ పొలాల మీద కూలి చేసుకునే కుటుంబానికి? చాకలి, మంగలి, కుమ్మరి ఊరిమీద ఆధారపడి బతికేవాళ్లకు? ఇల్లందు, మణుగూరు వైపు పోడు చేసుకునే కోయ కుటుంబాలకు కాగితం ఉండదు, మూడు తరాలుగా ఆ నేలనే దున్నుతున్నా సరే. ఒకప్పుడు భూగర్భ బాయిలున్న రోజుల్లో గని కోసం ఊరు పోయేది కాదు. పైన ఊరు, కింద బాయి, మధ్యలో నేల కుంగే భయం ఉండేది నిజమే, అయినా పొద్దున పొలం పనీ రాత్రి నైట్ షిఫ్టూ చేసుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఓపెన్‌కాస్ట్ వచ్చాక పొలమూ పోయింది, షిఫ్టూ రాలేదు.

షిఫ్ట్ ఎందుకు రాలేదంటే, ఓబీ తీసే పనిలో ఎక్కువ భాగం కాంట్రాక్టు కంపెనీలది. బొగ్గు సింగరేణిది, గుంత సింగరేణిది, మట్టి ఎత్తే డంపరు వేరేవాళ్లది, దాని డ్రైవరు ఇంకెక్కడివాడో. మా వీధిలో ఒకన్న ఇలాంటి కంపెనీలోనే డంపర్ నడుపుతాడు. పన్నెండు గంటల డ్యూటీ. ఆయన నడిపే గుంతలోనే, అదే దుమ్ములో, అదే ఎండలో పర్మినెంట్ ఆపరేటర్ ఎనిమిది గంటలు పనిచేసి ఇంటికి పోతాడు, ఆయనకి క్వార్టరు ఉంది, సింగరేణి ఆస్పత్రి ఉంది, పిల్లలకు స్కూలుంది. ఈ అన్నకి జ్వరమొస్తే ఆ రోజు మస్టర్ పోయినట్టే. "మా కంటే మిషన్‌కే విలువెక్కువ తమ్మీ, అది ఆగితే ఆఫీసోళ్లు ఉరుకొస్తరు" అన్నాడోసారి. కోపంగా కూడా అనలేదు.

కేంద్ర ప్రభుత్వ బొగ్గు సంస్థ కోల్ ఇండియాలో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ వేతనాలని ఒకటి ఉంది, అంటే బొగ్గు గనుల్లో కాంట్రాక్టు పని చేసేవాళ్లకు మామూలు కనీస వేతనం కంటే ఎక్కువగా నిర్ణయించిన కూలి. అది మాకూ ఇవ్వాలని ఇక్కడివాళ్లు ఎన్నేళ్లుగానో అడుగుతున్నారు. 2022 సెప్టెంబర్‌లో రెండు వారాలకు పైగా సమ్మె చేశారు, స్వీపర్లు, క్యాంటీన్ వాళ్లు, సెక్యూరిటీ, డ్రైవర్లు, అందులో ఆడవాళ్లు ఎంతమందో. పర్మినెంట్ కార్మికుల సమ్మె అయితే రాష్ట్రమంతా వార్త. వీళ్ల సమ్మె జిల్లా పేజీ దాటలేదు. నా ఉద్దేశంలో సింగరేణి యూనియన్లు ఇప్పటికీ చేస్తున్న అతి పెద్ద తప్పు ఇదే. 2023 డిసెంబర్ 27న గుర్తింపు ఎన్నికలు, అంటే యాజమాన్యంతో ఏ యూనియన్ మాట్లాడాలో తేల్చే ఎన్నికలు జరిగితే ఏఐటీయూసీ గెలిచింది, ఏరియాల్లో ఐఎన్‌టీయూసీ కూడా గట్టిగానే ఓట్లు తెచ్చుకుంది, నెల రోజులు ఊరంతా జెండాలే. ఆ ఎన్నికల్లో ఓటు ఉన్నది పర్మినెంట్ వాళ్లకే. ఓటు లేనివాళ్ల మాట ఎవరు మోస్తారు? రేపు పర్మినెంట్ సంఖ్య ఇంకా తగ్గి కాంట్రాక్టు సంఖ్య దాన్ని దాటిపోయినప్పుడు ఈ యూనియన్లు ఎవరి తరఫున మాట్లాడతాయి?

ఉద్యోగాల సంగతి మొదలైంది కాబట్టి వారసత్వం గురించి కూడా చెప్పాలి. బాపు బాయిలో ఒళ్లు గుల్ల చేసుకుని దిగిపోతే కొడుకు ఎక్కడం అనేది మా దగ్గర ఎన్నో తరాల నమ్మకం. ఆ పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత కారుణ్య నియామకాల పేరుతో, మెడికల్ అన్‌ఫిట్ అయినవాళ్ల పిల్లలకు ఇవ్వడం మొదలుపెట్టారు. వయసు పరిమితి 35 నుంచి 40కి పెంచారు, అది మంచి నిర్ణయం, ఏళ్లకేళ్లు ఎదురు చూసి వయసు దాటిపోయిన వాళ్లున్నారు. కానీ దీనివల్ల జరుగుతున్నదేంటంటే, నిజంగా రోగంతో ఉన్నవాడు మెడికల్ బోర్డు చుట్టూ తిరుగుతుంటాడు, మధ్యలో దళారులు చేరి "మేం చేయిస్తాం" అని లక్షలు గుంజుతారు. అప్పు చేసి ఇచ్చి పోగొట్టుకున్నవాళ్లు ప్రతి ఏరియాలో కనిపిస్తారు. మారుపేర్ల సమస్య ఇంకోటి. అప్పట్లో వేరేవాళ్ల పేరుతో బాయిలో చేరి, జీవితమంతా ఆ పేరుతోనే పనిచేసి, ఇప్పుడు కొడుకు సర్టిఫికెట్‌లో తండ్రి అసలు పేరు ఉండి, కంపెనీ రికార్డులో ఇంకో పేరుండి, ఉద్యోగం ఆగిపోయిన కుటుంబాలు. తండ్రి తవ్వింది నిజం బొగ్గే కదా, దీన్ని ఒకేసారి తేల్చేయడానికి ఇన్నేళ్లు ఎందుకో నాకు అర్థం కాదు.

ఇప్పుడు అందరూ మాట్లాడే విషయం, ప్రైవేటీకరణ. 2022 నవంబర్‌లో ప్రధాని మోదీ రామగుండం వచ్చినప్పుడు సింగరేణిలో 51 శాతం రాష్ట్రానిదే, కేంద్రం ఎలా అమ్ముతుందని అన్నారు. మాటగా చూస్తే నిజమే, వాటాలు ఎవరూ అమ్మట్లేదు. కానీ బొగ్గు కంపెనీ బతికేది వాటా కాగితాల మీద కాదు, కొత్త గనుల మీద. పాత గనిలో బొగ్గు అయిపోతుంది, దాని బదులు కొత్త బ్లాకు తెరవాలి, లేకపోతే ఉన్న మనుషులకు కూడా పని ఉండదు. ఒకప్పుడు గోదావరి లోయ బ్లాకులు మాకే వచ్చేవి. చట్టం మారాక, 2020లో ప్రైవేటువాళ్లు కూడా బొగ్గు తీసి అమ్ముకునే కమర్షియల్ మైనింగ్ మొదలయ్యాక, బ్లాకు కావాలంటే వేలంలో పాడుకోవాలి. కళ్యాణఖని 6, కోయగూడెం 3, సత్తుపల్లి 3, శ్రావణపల్లి, ఈ నాలుగింటిని వేలానికి పెడితే 2021 డిసెంబర్ 9 నుంచి మూడు రోజులు సమ్మె జరిగింది, అన్ని యూనియన్లూ కలిసి చేసిన సమ్మె అది. అయినా కోయగూడెం, సత్తుపల్లి బ్లాకులు ప్రైవేటు కంపెనీలకు పోయాయి. 2024 జూన్‌లో హైదరాబాద్‌లోనే జరిగిన వేలం కార్యక్రమంలో శ్రావణపల్లిని మళ్లీ పెట్టారు.

సర్వేలు చేసి, బోర్లు వేసి, ఆ నేల కింద ఎంత బొగ్గు ఉందో తేల్చడంలో సింగరేణి చేసిన పని తక్కువేం కాదు. పక్కనే గనులు, రోడ్లు, రైల్వే సైడింగులు అన్నీ కట్టుకుని ఉన్న కంపెనీని వదిలేసి కొత్తవాళ్లకు ఎందుకివ్వాలి? పైగా ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంత భూముల్లో ప్రైవేటువాళ్లకు గనుల లీజులు ఇవ్వకూడదని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా బొగ్గు పొరలు చాలాచోట్ల ఏజెన్సీ కిందే ఉన్నాయి. వేలం జాబితా తయారుచేసేటప్పుడు ఈ తీర్పును ఎలా చూశారో జనానికి తెలుగులో చెప్పాలి.

అయితే తప్పంతా ఢిల్లీదే అని చేతులు దులుపుకుంటే కూడా కుదరదు. రాష్ట్ర ప్రభుత్వం 51 శాతం యజమాని. ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే, కరెంటు సంస్థలు సింగరేణికి కట్టాల్సిన బకాయిలు వేల కోట్లలో పేరుకుపోతూనే ఉన్నాయి. కాగితం మీద లాభం ఉంటుంది, చేతిలో డబ్బు ఉండదు. యజమానే బాకీదారుడైతే అడిగేదెవరు? 2011 సకల జనుల సమ్మెలో నెలకు పైగా జీతాలు వదులుకుని బొగ్గు ఆపింది ఈ కార్మికులే, తెలంగాణ వచ్చిందంటే అందులో వాళ్ల ఉపవాసాలు ఉన్నాయి. వచ్చిన రాష్ట్రం ఆ కంపెనీ బిల్లులు టైంకి కట్టాలని అడగడం పెద్ద కోరికేం కాదు.

బొగ్గు ధర ఇంకో తలనొప్పి. కోల్ ఇండియా బొగ్గు కంటే మాది ఖరీదు, పొరలు లోతుగా ఉన్నాయి, మట్టి ఎక్కువ తీయాలి. ఇన్నాళ్లూ దేశంలో బొగ్గు కొరత ఉంది కాబట్టి ఎంత చెబితే అంతకు కొన్నారు. ఇప్పుడు దేశమంతా ఉత్పత్తి పెరుగుతోంది, పవర్ ప్లాంట్లకు ఎంచుకునే అవకాశం వచ్చింది, పైగా పగటిపూట సోలార్ కరెంటు. దీన్ని మా ఊళ్లలో ఇంకా ఎవరూ సీరియస్‌గా తీసుకోవట్లేదు, నాకు ప్రైవేటీకరణ కంటే దీని గురించే ఎక్కువ భయం.

కంపెనీ ఊరికే కూర్చుందని అనను. జైపూర్‌లో 1,200 మెగావాట్ల థర్మల్ ప్లాంటు 2016 నుంచి నడుస్తోంది, బాగా నడుస్తోంది, లాభాల్లో దాని పాత్ర పెద్దదే. గనుల ఖాళీ స్థలాల్లో సోలార్ ప్లాంట్లు పెట్టారు, జైపూర్ రిజర్వాయర్ నీళ్ల మీద కూడా పలకలు పరిచారు. పనైపోయిన మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ గుంతలో పంప్డ్ స్టోరేజీ కట్టాలనే ఆలోచన ఉంది, అంటే పగలు సోలార్ కరెంటుతో నీళ్లు పైకి తోడి రాత్రి కిందికి వదిలి కరెంటు తీయడం. నాకు ఇందులో బాగా నచ్చింది ఇదే, ఎందుకంటే ఆ గుంతలు ఎవరికీ పనికిరాకుండా నీళ్లతో నిండి పడి ఉన్నాయి. 2025లో కర్ణాటకలో దేవదుర్గ్ దగ్గర బంగారం, రాగి అన్వేషణ లైసెన్సు కూడా వేలంలో దక్కించుకున్నారు. ఇక ఒడిశాలో నైనీ బ్లాకు, 2015లో కేటాయిస్తే అడవి అనుమతులు, భూమి, రోడ్డు అన్నీ దాటుకుని 2025 ఏప్రిల్‌లో తవ్వకం మొదలైంది. నూటికి పైగా ఏళ్ల కంపెనీకి తెలంగాణ బయట అదే మొదటి గని. ఏడాదికి కోటి టన్నులు తీయగల గని, పదేళ్లు పట్టింది.

కానీ ఇవన్నీ కలిపి చూసినా గోదావరిఖనిలో, మంచిర్యాలలో ఐటీఐ, డిప్లొమా చదివి ఖాళీగా ఉన్న పిల్లలకు ఎన్ని ఉద్యోగాలు? సోలార్ ప్లాంటు ఒకసారి కట్టాక పలకలు కడగడానికి, గడ్డి కొయ్యడానికి కొద్దిమంది చాలు, వాళ్లూ కాంట్రాక్టే. నైనీ ఒడిశాలో ఉంది, అక్కడివాళ్లకు పని రావడం న్యాయం. కంపెనీ నిలబడుతుంది, అందులో నాకు అనుమానం లేదు. కంపెనీ చుట్టూ పెరిగిన ఊళ్లు నిలబడతాయా అన్నదే నా బెంగ.

బెల్లంపల్లి ఒకసారి చూసి రండి, నేను చెప్పేది అర్థమవుతుంది. ఒకప్పుడు ఈ బెల్టులో బెల్లంపల్లి అంటే ఒక పేరు. బాయిలు ఒక్కొక్కటే మూతపడ్డాయి, పేరు బెల్లంపల్లి ఏరియానే కానీ జీఎం ఆఫీసు గోలేటిలో ఉంది. జీతాల రోజు బజారు నిండిపోయే ఊళ్లో ఇప్పుడు పెన్షన్ రోజు బ్యాంకు దగ్గరే రద్దీ. ఆ పెన్షన్ కూడా చాలామందికి వెయ్యి, రెండు వేలు, జీవితమంతా బాయిలో పనిచేసినవాళ్లకి. ఇల్లందు పరిస్థితీ అంతే, బొగ్గు పుట్టిన ఊరే అది.

అందుకే నాకు తోచింది చెబుతాను. భూగర్భ గనులన్నీ లాభాల లెక్కతోనే చూసి మూసేయొద్దు, వాటిల్లో కనీసం కొన్నింటినైనా పూర్తిగా యంత్రాలతో, పూర్తి రక్షణతో, ఇక్కడి పిల్లలకు ట్రైనింగ్ ఇచ్చి నడపాలి. భూమి కింద పనిచేయడానికి ఆడవాళ్లకు చట్టం 2019లోనే దారి తెరిచింది, ఆ దారిలో వాళ్లనూ తీసుకోవాలి. కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ వేతనాలు లాభాల వాటా ప్రకటించే రోజే అమలు చేయాలి, 6 వేల కోట్ల లాభం చూపించిన కంపెనీకి అది భరించలేని భారం అంటే నేను నమ్మను. ఓపెన్‌కాస్ట్ కోసం భూమి తీసుకునేటప్పుడే, తవ్వడం అయిపోయాక ఆ భూమి ఎవరికి, ఏ రూపంలో తిరిగి వస్తుందో ఊరివాళ్ల చేతికి కాగితం రావాలి.

ఈ చివరిది మన చేతిలోనూ కొంత ఉంది. కొత్త గనికైనా, గని విస్తరణకైనా పర్యావరణ అనుమతి కావాలంటే చాలావరకు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి, కనీసం ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రాజెక్టు నివేదిక సారాంశం తెలుగులో కూడా అందుబాటులో ఉంచాలి. మా దగ్గర ఆ మీటింగుల్లో టెంటు కింద నాయకులు మాట్లాడతారు, రెండు వర్గాలు నినాదాలు ఇచ్చుకుంటాయి, భోజనాలు పెడతారు, అయిపోతుంది. ఆ తెలుగు సారాంశం చదివి వచ్చినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మీ ఊరి పక్కన అలాంటి మీటింగ్ ఎప్పుడు పెట్టినా ముందే వెళ్లి ఆ కాగితాలు తీసుకోండి. అందులో ఎన్ని పర్మినెంట్ ఉద్యోగాలు, ఎన్ని కాంట్రాక్టు, ఓబీ గుట్ట ఎక్కడ పోస్తారు, గని మూసేశాక గుంత పూడుస్తారా లేక నీళ్లకు వదిలేస్తారా, ఈ నాలుగూ వెతికి మైకు తీసుకుని అడగండి. మీరు అడిగింది మినిట్స్‌లో రాసుకోవాల్సిందే, రాశారో లేదో అక్కడే చదివించుకోండి.